మంచుపై రాతియాట

పెద్దలారా, తెల్లవారుజామున మన వాకిళ్లయందు జరుగు పని మీరందఱు నెఱుగుదురు: చీపురుతో నూడ్చుట, కల్లాపి చల్లుట, పిమ్మట ముగ్గు పెట్టుట. వీనికి తోడొక తిరుగలిరాయి యున్నచో, స్కాట్లాండు దేశీయుల కర్లింగు అను ఆట సగము తెలిసినట్లే. మిగిలిన సగము మంచు. మన హార్సిలీ కొండమీదనైనను ఎంత చలికిని చెరువు గడ్డకట్టదు గావున, దానిని మాత్రము మీరు మనస్సున నూహించుకొనవలెను.

ఆ దేశమున పూర్వము శీతకాలమందు గడ్డకట్టిన చెరువులపై రాళ్లు జార్చి యాడుకొనెడివారు. 1511 అను సంవత్సరము చెక్కిన ఆటరాయి యొకటి స్టిర్లింగు పట్టణమున నేటికిని కలదు. 1838లో ఎడింబరో నగరమున సంఘ మేర్పడి నియమములను స్థిరపఱచెను. 1998 మొదలుకొని శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో నిది తప్పక యుండుచున్నది.

ఆటస్థలము 150 అడుగుల పొడవు, సుమారు 15 అడుగుల వెడల్పు గల మంచుబాట. రెండు కొనలయందును ఒకదానిలో నొకటిగా వలయము లుండును. పెద్ద వలయపు అడ్డుకొలత 12 అడుగులు. ఈ ముగ్గునే వారు 'ఇల్లు' అందురు. ఆటకు ముందు మంచుపై నీటితుంపరలు చల్లగా అవి చిన్న బొడిపెలై గడ్డకట్టును. అద్దమువంటి నున్నని మంచుపై కంటె వీనిపై రాయి సులువుగా జాఱును.

రాయి గ్రానైటు, పైన పిడి యుండును. అడుగు వెడల్పైనను లేని యీ రాయి దాదాపు 20 కిలోగ్రాములు తూగుననిన కుప్పము గనులలో పనిచేసినవారు ఆశ్చర్యపడరు. ఐల్సా క్రెయిగ్ అను చిన్న దీవి రాయి నీటిని పీల్చదు గావున శ్రేష్ఠమని పేరు. పీల్చిన నీరు గడ్డకట్టినచో రాయి చిట్లును గదా.

పక్షమునకు నలుగురు. ఒక్కొక్కరికి రెండేసి రాళ్లు. ఇరుపక్షములవారును ఒకరి తరువాత నొకరు ఆవలి యింటికి జార్చుదురు, విసరరాదు. ఈవలి గీత చేరకముందే పిడి విడువవలెను. వేఱొక రాతికి తగులక, ఆవలి గీతను పూర్తిగా దాటక నిలిచిన రాతిని తీసివేయుదురు. విడుచునపుడు పిడిని కొంచెము త్రిప్పినచో, రాయి తిరుగుచు బోయి ఆ వైపునకే వంగును. అడ్డురాతి వెనుకకు తన రాతిని చేర్చు నేర్పంతయు ఈ వంపులో నున్నది.

ఇక చీపురు. నవ్వకుడు. రాతి ముందు మంచును వడిగా రుద్దినచో ఒరపిడి తగ్గి, రాయి మఱికొంత దూరము పోవును, వంపును తగ్గును. నాయకుడు ఇంటి యొద్దనుండి కేకలు వేయుచుండ, ఇద్దఱు రుద్దుచు రాతితో పరుగెత్తుదురు.

పదునాఱు రాళ్లును ముగిసినపిదప లెక్క. క్రొత్తవారు పొరపడున దిక్కడనే. నడిబొట్టునకు మిక్కిలి దగ్గఱనున్న రాయి యెవరిదో వారికే పాయింట్లు, రెండవవారికి సున్న. మొదటి రెండు రాళ్లు ఎఱ్ఱపిడివి, మూడవది పసుపుపిడిది యనుకొనుడు. ఎఱ్ఱవారికి రెండు. నాలుగవది, అయిదవది వారివే యైనను విలువలేదు. ఇంటి యంచునైనను తాకని రాయి లెక్కకు రాదు. పాయింట్లు పొందినవారు మఱుసటి దఫా ముందుగా వేయవలెను, చివరిరాయి రెండవవారిది. చివరిరాతి బల మెట్టిదో గోలీలాడిన ప్రతివాడు నెఱుగును. పెద్ద పోటీలలో ఇట్లు పది దఫాలు.

గోలీలను జానతో కొలుచునపుడు మన పిల్లలు పడు జగడములు మీకు తెలిసినవే. ఈ ఆటలో, కదలుచున్న తమ రాతికి చీపురు తగిలినచో, ఎవరును చూడకున్నను, తగిలించినవాడే వెంటనే చెప్పవలెను. చివరిరాయి యైనను, దానితో ఆట పోవునదైనను అంతే. పెద్ద పోటీలలో మధ్యవర్తు లుందురు. అయినను ఈ మాట చెప్పుట ఆటగానిదే. ఇక గెలుపు లేదని తోచినపుడు పది దఫాలు ముగియకముందే చేయి కలిపి విరమింపవచ్చును. దానిని పిఱికితనమని వా రెంచరు.