పునాది అక్కర్లేని కొట్టం

అమెరికా పల్లెల్లో ట్రాక్టర్లకూ, గడ్డిమోపులకూ, పశువులకూ నీడనిచ్చే పొడవాటి రేకుల కొట్టాలను అక్కడివారు పోల్ బార్న్ అంటారు. మామూలు ఇంటికి ఉండే అర్థంలో దానికి పునాది ఉండదు. వరుసగా గోతులు తవ్వి, వాటిలో స్తంభాలు నిలిపి, చుట్టూ మట్టి దట్టించి, కప్పు బరువునూ గోడల మీది గాలితాకిడినీ ఆ స్తంభాలకే అప్పగించడం ఈ నిర్మాణంలోని కిటుకు. పందిరికి రాట పాతడం ఎరిగినవారికి ఈ ఊహ కొత్తగా తోచదు. కాని పందిరి శుభకార్యం ముగియగానే విప్పేసేది, కొట్టమో దశాబ్దాల పాటు గాలికీ మంచుకూ ఓర్చుకొని నిలవవలసినది. ఆ తేడా అంతా స్తంభం నేలలోకి దిగే చోట, భూమట్టానికి ఇటూ అటూ ఉన్న జానెడు కర్రలో ఇమిడి ఉంది.

అంతకుముందు అమెరికా రైతు కొట్టం కట్టాలంటే రాతి పునాది వేసి, బరువైన దుంగలను చెక్కి, ఒకదాని బెజ్జంలో మరొకదాని కుసి దిగేలా బిగించి, ఇరుగుపొరుగుల సాయంతో ఆ చట్రాన్ని పైకెత్తవలసి వచ్చేది. 1930ల మాంద్యంలో అంత ఖర్చూ అంత శ్రమా భరించడం కష్టమైనప్పుడు, సెయింట్ లూయిస్ కేంద్రంగా వ్యవసాయ సలహా సంస్థ నడిపిన హోవార్డ్ డోన్, ఆయన వద్ద పొలాల నిర్వహణ చూసిన జార్జ్ పెర్కిన్స్ కలిసి నేలలో పాతిన స్తంభాల మీద కొట్టం నిలిపే పద్ధతిని రూపొందించారు. 1936 నాటి గ్రామీణ విద్యుదీకరణ చట్టం తరువాత కరెంటు తీగలు పల్లెలకు పాకుతున్నకొద్దీ, కుళ్లకుండా మందు పట్టించిన కర్ర స్తంభం అంటే ఏమిటో రైతులందరికీ కళ్లెదుటే కనిపించసాగింది.

పాతిన స్తంభాన్ని ఇంజనీర్లు నిలువు కాంటిలివర్‌గా, అంటే ఒక కొన బిగించి రెండో కొన విడిచిన దూలంగా, పరిగణిస్తారు. గాలి గోడను నెట్టినప్పుడు స్తంభం వంగబోతుంది. నేల పైపొరల్లోని మట్టి దాన్ని గాలికి ఎదురుగా నెడుతుంది, గోతి అడుగున స్తంభపు కింది కొన వెనక్కు తన్నబోగా అక్కడి మట్టి దాన్ని రెండో వైపునుంచి ఆపుతుంది, ఈ రెండు ఒత్తిళ్ల మధ్య, పాతిన లోతులో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర, స్తంభం ఇరుసు మీద ఉన్నట్టు నిలుస్తుంది. బలాన్ని, అది పనిచేసే దూరంతో గుణిస్తే వచ్చే వంచే శక్తిని భ్రామకం అంటారు. అది స్తంభం పైకొన వద్ద సున్నాగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ పెరుగుతూ, భూమట్టానికి కాస్త దిగువన గరిష్ఠమవుతుంది.

చిక్కు ఏమిటంటే, కర్రను తినే శిలీంధ్రానికి కూడా సరిగ్గా ఆ చోటే అనువైనది. తేమ సుమారు 20 శాతం లోపు ఉన్న కర్రలో అది పెరగలేదు. ప్రాణవాయువు అందకపోయినా పెరగలేదు. భూమట్టానికి బాగా పైనున్న కర్ర ఎండిపోతుంది, లోతున తడిసిన మట్టిలో ఉన్నదానికి గాలి అందదు, ఈ రెండింటి నడుమనున్న భాగానికి మాత్రం మట్టి నుంచి తేమ, పైనుంచి గాలి ఎడతెగక అందుతాయి. భారం అత్యధికంగా పడే బిందువూ క్షయం అత్యంత త్వరగా సాగే బిందువూ ఒకటి కావడం కంటే నిర్మాణశాస్త్రంలో క్రూరమైన యాదృచ్ఛికం అరుదు. గుండ్రటి స్తంభపు వంగుబలం దాని వ్యాసం ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, పది అంగుళాల స్తంభం చుట్టూ అరంగుళం మేర కుళ్లితే వ్యాసం తొమ్మిది అంగుళాలే అయినా, బలంలో మాత్రం 27 శాతం పోతుంది.

దీనికి తొలి సమాధానం 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ పేటెంటు పొందిన పద్ధతి. కర్రను ఇనుప తొట్టిలో పెట్టి, మొదట కణాల్లోని గాలిని తోడివేసి, తరువాత బొగ్గుతారు నుంచి తీసిన క్రియోసోట్ నూనెను ఒత్తిడితో లోపలికి ఎక్కించడం అందులోని క్రమం. క్రియోసోట్ చక్కగా కాపాడుతుంది గాని జిడ్డూ ఘాటూ వదలవు, రంగు వేయనివ్వదు, పనివాళ్ల చర్మాన్ని మండిస్తుంది. నీళ్లలో కరిగే లోహలవణాలు శుభ్రమైనవే అయినా, నీళ్లలో కరిగి లోపలికి వెళ్లినవి వాననీటితోనే కరిగి బయటికి వచ్చేస్తాయి. లోపలికి వెళ్లేటప్పుడు కరగాలి, వెళ్లాక కరగకూడదు: ఈ రెండు పొసగని కోరికలను ఒకే ద్రావణంలో తీర్చినవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం.

1933లో ఆయన తయారుచేసిన మిశ్రమంలో రాగి శిలీంధ్రాలను చంపుతుంది, ఆర్సెనిక్ చెదలనూ రాగికి లొంగని శిలీంధ్రాలనూ చంపుతుంది, క్రోమియం దేనినీ చంపే పనిలో లేకపోయినా అసలు మేధ అంతా దానిదే. ద్రావణంలో ఆరు సంయోజకతలతో ఉన్న క్రోమియం కర్రలోని లిగ్నిన్, చక్కెర జాతి పదార్థాలను ఆక్సీకరించి, తాను మూడు సంయోజకతల స్థితికి దిగుతుంది; ఆ క్రమంలో ద్రావణపు ఆమ్లత తగ్గి, రాగీ ఆర్సెనిక్‌లు నీటిలో కరగని సమ్మేళనాలుగా మారి కణకుడ్యాలకు అంటుకుపోతాయి. కర్ర తనకు తానే రసాయనశాలగా మారి, నారింజరంగు ద్రావణాన్ని ఆకుపచ్చని కవచంగా మార్చుకొనే ఈ చర్య, కర్రను కాపాడేందుకు మనిషి కనిపెట్టిన ఉపాయాల్లో అత్యంత సొగసైనదని చెప్పవచ్చు. అయితే ఏ మందైనా రసదారువులోకి, అంటే చెట్టు నీటిని మోసిన వెలుపలి పొరలోకి, దిగినంతగా చేవలోకి దిగదు. రసదారువు దళసరిగా ఉండే అమెరికా దక్షిణప్రాంతపు పైన్ చెట్లు పోల్ బార్న్ స్తంభాలుగా రాణించడానికి అదొక కారణం.

కట్టేవారి లెక్కలన్నీ ఈ స్తంభం చుట్టే తిరుగుతాయి. సాధారణంగా ఎనిమిది అడుగుల ఎడంతో, నాలుగడుగులో అంతకుమించో లోతున, శీతల ప్రాంతాల్లోనైతే నేల గడ్డకట్టే లోతు దాటేదాకా, గోతులు తవ్వుతారు. అడుగున కాంక్రీటు పలక వేస్తారు, ఎందుకంటే కప్పు మీది మంచు బరువును స్తంభం సన్నని కొన నేరుగా మెత్తని మట్టికి అప్పగిస్తే కొట్టం కుంగిపోతుంది. గాలి కప్పును పైకి లాగేటప్పుడు స్తంభం ఊడిరాకుండా దాని కింది భాగానికి అడ్డచెక్కలు బిగిస్తే, వాటి మీదనున్న మట్టి బరువే లంగరు అవుతుంది. మిట్ట నేలను ఎంచుకొని వాననీరు వెలుపలికి పారేలా చేయడమన్న మొదటి నిర్ణయం మాత్రం ఏ లెక్కకూ తీసిపోదు.

చాలాకాలం రేకులను వానను ఆపే తొడుగుగానే చూశారు, గాలిని ఎదిరించే భారమంతా ఒక్కొక్క స్తంభం విడిగా మోస్తుందని లెక్కించారు. తరువాతి పరిశోధనలు కప్పు రేకులూ, వాటిని పట్టిన అడ్డపట్టీలూ, వందలకొద్దీ స్క్రూలూ కలిసి ఒకే వెడల్పాటి దూలంగా పనిచేస్తాయని తేల్చాయి. డయాఫ్రమ్ అనే ఈ పలక పక్కగోడల మీది గాలిని కొసగోడలకు చేరవేసి, అక్కడినుంచి నేలకు దింపుతుంది. గోడ మీది గాలి ఒత్తిడిని మాత్రమే లెక్కించి, కప్పు ఏమాత్రం కదలదనుకుంటే, పైకొన కూడా ఆనుకొన్న స్తంభపు మొదట్లో భ్రామకం విడి స్తంభానికి ఉండేదానిలో నాలుగో వంతుకు పడిపోతుంది. నిజమైన కప్పు కొంత కదులుతుంది కనుక అంత లాభం దక్కదు, అయినా దక్కిన మేరకు స్తంభాలు సన్నబడ్డాయి. అందువల్లనే గోడలో పెద్ద తలుపు కోసం రేకులు తీసివేయడం బలంతో ముడిపడిన నిర్ణయం.

ఆ తరువాతి చరిత్ర త్వరగా సాగింది. పెర్కిన్స్ పద్ధతికి 1953లో పేటెంటు లభించింది. గుండ్రటి దుంగల స్థానంలో కోసిన చదరపు స్తంభాలూ, పలకలను మేకులతో కలిపి కట్టిన స్తంభాలూ వచ్చి, నేలలోకి దిగే భాగానికి మాత్రమే మందు పట్టించడం సాధ్యమైంది. ఆర్సెనిక్ మీది ఆందోళనతో 2003 చివరికి అమెరికా తయారీదారులు కామేశం మిశ్రమాన్ని చాలావరకు ఇళ్ల వాడకం నుంచి తప్పించినా, వ్యవసాయ కట్టడాల స్తంభాలకు అది కొనసాగింది. ఇప్పుడు కొందరు కర్రను భూమట్టానికి పైననే ఆపి, కింద కాంక్రీటు పాదం పెట్టి, ఉక్కు పట్టీలతో రెంటినీ కలుపుతున్నారు. అక్కడ కుళ్లడానికి కర్ర లేదు గాని, భ్రామకం ఎక్కువగా ఉండే చోటు సమీపంలోనే అతుకు పడుతుంది కాబట్టి, ఆ ఉక్కు పట్టీల దళసరీ బోల్టుల ఎడమూ స్తంభపు కొలతలంత శ్రద్ధగా లెక్కించవలసి వస్తున్నది.