ప్రాణము నిలుపు మందు – పిమ్మట వలయు జాగ్రత్త

రాచపుండు అనబడు కాన్సరు వ్యాధి చికిత్సలో తెలుగువారికి గర్వకారణమైన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో అమినోప్టెరిన్ అను మందు తయారైనది. దీనివలన రక్తపు కాన్సరుగల పిల్లలలో కొందరికి తాత్కాలికముగా వ్యాధి తగ్గినదని 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. పిమ్మట ఇట్టి మందులు పెక్కు వచ్చి ఎందరి ప్రాణములనో నిలిపినవి.

అయితే వీనిలో కొన్ని మందులు, వ్యాధినుండి బయటపడినవారిలో కొలదిమందికి కొన్నేండ్ల తరువాత రక్తపు కాన్సరును కలిగించుట కూడ కలదు. నంద్యాల జిల్లా యాగంటివంటి గ్రామములవారు చికిత్సకై దూరపు పట్టణములకు పోయి, అది ముగిసిన పిదప ఊరిలోనే ఉందురు. కనుక పంచాయతీ సభ్యులు ఈ విషయమెరిగియుండుట అవసరమని మేము తలచుచున్నాము.

మన శరీర కణములలో డి.ఎన్.ఏ. అను సన్నని దారమున్నది. కణము ఎట్లు పెరుగవలెనో, ఎప్పుడు ఆగవలెనో అందే నిర్ణయింపబడియుండును. పెక్కు కాన్సరు మందులు ఈ దారమును దెబ్బతీసియే చెడుకణమును చంపును. సైక్లోఫాస్ఫమైడు అను మందు కాలేయములో మార్పుచెందగా పుట్టిన పదార్థము డి.ఎన్.ఏ.కు అంటుకొని దాని పోగులను బంధించును. ఎటోపొసైడు పని వేరు. చిక్కుపడిన చేదతాడును కోసి, చిక్కుతీసి, మరల అతికినట్లు డి.ఎన్.ఏ.ను సరిచేయు ఎంజైము కణములో కలదు. కోసిన కొసలను ఈ మందు అతుకనీయదు. శరీరములో దీనినుండి పుట్టు క్వినోను అను ఉపపదార్థమును అట్లే చేయునని ప్రయోగములలో తేలినది.

కలుపుమందు కొంత పైరుపైనను పడినట్లు, ఈ దెబ్బ ఎముకల మూలుగలో రక్తమును తయారుచేయు మంచి కణములకును తగులును. తెగిన కొసలు తప్పుగా అతుకుకొన్నచో ఆ కణము అదుపుతప్పి పెరుగవచ్చును. ఇట్లు వచ్చు వ్యాధి సైక్లోఫాస్ఫమైడు తరగతి మందులవలన సాధారణముగా 5 నుండి 10 ఏండ్లకును, ఎటోపొసైడు తరగతివలన 1 నుండి 3 ఏండ్లకును కనబడును.

ఇది విని ఎవరును చికిత్స మానరాదు. మానినచో ఉన్న వ్యాధియే ప్రాణము తీయును. తరువాత వచ్చునది అరుదు. చికిత్స ముగిసినవారు మందుల పేర్లుగల కాగితములను భద్రపరచునట్లును, వైద్యుడు చెప్పిన గడువులకు రక్తపరీక్ష చేయించుకొనునట్లును సభ్యులు చూడవలెను. కారణములేని నీరసము, పాలిపోవుట, విడువని జ్వరము, చిగుళ్లనుండి రక్తము, చర్మముపై కమిలిన మచ్చలు కనబడినచో జాగుచేయక చికిత్స చేసిన ఆసుపత్రికి పంపవలెను. బస్సు ఛార్జీకి లేక పరీక్ష మానుకొనువారు ఊరిలో ఉన్నారేమో విచారించి తోడ్పడుట పంచాయతీ ధర్మము.