దీపాలు బాగుచేయు అమ్మమ్మలు

మన బేసింగ్‌స్టోక్‌లో ఇంటి కరెంటు చెడితే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాము. మారుమూల పల్లెకు ఎవరు వస్తారు? అక్కడ ఒక్క తీగ ఊడినా సౌరదీపం మూలపడుతుంది.

రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామంలో 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజి దీనికొక ఉపాయము కనుగొన్నది. మన దేశపు పల్లెల నుండియు, ఆఫ్రికా మొదలైన చోట్ల నుండియు చదువురాని స్త్రీలను, అందులోను అమ్మమ్మలను రప్పించి ఆరు నెలలు శిక్షణ ఇచ్చినది. ఒకరి భాష మరొకరికి రాదు. అందుచేత సైగలతోను, రంగులతోను నేర్పుతారు. ఏ రంగు తీగను ఎక్కడ అతకవలెనో చేతులే గుర్తుంచుకుంటాయి. పగటి ఎండను పలక విద్యుత్తుగా మార్చితే బ్యాటరీ దానిని రాత్రికి దాచుతుంది. బ్యాటరీ మితిమీరి నిండకుండా కాపాడే చిన్న పెట్టెను సైతము వారే తయారుచేస్తారు.

స్త్రీలే ఎందుకు? ధ్రువపత్రం చేతికి రాగానే యువకులు పట్టణాలకు తరలిపోతారని రాయ్ గారి అనుభవము. అమ్మమ్మ ఊరు విడువదు. (తోటలైనులో కిరసనాయిలు బుడ్డి తుడిచిన మా అమ్మమ్మ కూడ అట్టిదే.) ఆమె స్వగ్రామం చేరి, ఇండ్లపై పలకలు బిగించి, ఇంటింటి నుండి నెలకు కొంత రుసుము తీసుకొని మరమ్మతులు చేస్తుంది.