మట్టిలో దాగిన వానల చరిత్ర

నల్లరేగడి చేలలో నాగలి సాగునపుడు చిన్న చిన్న తెల్లని సున్నపు గడ్డలు పైకి వచ్చుట రైతులెఱిగినదే. అవి ఏటి గులకరాళ్లవలె ఎక్కడినుండియో కొట్టుకొనివచ్చినవి కావు. ఆ నేలలోనే పుట్టినవి. ఇంకిన వాననీటిలో మట్టియందలి కాల్షియము కరగును. వేళ్లు విడుచు బొగ్గుపులుసు వాయువు దానితో కలియును. నేల ఆరునపుడు సున్నము గడ్డకట్టును. నాటి నీటి గుఱుతు అందు నిలిచిపోవును.

ఆ గుఱుతు ఆమ్లజనిలో నున్నది. ఆమ్లజని పరమాణువులన్నియు ఒకే బరువు గలవి కావు. అధికభాగము 16 ద్రవ్యసంఖ్య గలవి; వేయింటికి సుమారు రెండు 18 సంఖ్య గలవి. ఈ భేదములనే ఐసోటోపులందురు. ఆవిరి చినుకగునపుడు బరువైనవి ముందుగా రాలును. అందుచే ఉష్ణమండలమున వాన విస్తారముగా కురిసినకొలది ఆ నీటిలో వాని పాలు తగ్గుచుండును. ఎండకు నేలనీరు ఇగిరినచో తేలికైనవి ముందుపోయి, బరువైనవాని పాలు హెచ్చును. గడ్డను పొడిచేసి, ఆమ్లమున కరగించి, వెలువడిన వాయువును మాస్ స్పెక్ట్రోమీటరుతో పరీక్షించిన ఈ పాళ్లు తెలియును.

ఇట్టి గడ్డలే పాకిస్తాను ఉత్తరభాగమున, పోత్వార్ పీఠభూమిలోని శివాలిక్ శిలలలో గలవు. అచట ప్రాచీనపు నేలలు పొరలు పొరలుగా ఒకదానిపై నొకటి నిలిచియున్నవి. వానిని పరీక్షించిన క్వేడ్, సెర్లింగ్, బౌమన్ అను మువ్వురు 1989లో 'నేచర్' పత్రికయందు తమ ఫలితములను ప్రకటించిరి. సుమారు 70 లక్షల సంవత్సరముల క్రిందట అడవుల చోట గడ్డిభూములు వ్యాపించినట్లు గడ్డలలోని కర్బనము తెలిపెను. ఆ యుగముననే ఆమ్లజనిలో బరువైన పాలు హెచ్చెను. ఆసియా ఋతుపవనములు అప్పుడే పుట్టినవో, బలపడినవో యని వారు తలచిరి.

తీర్పు అంతటితో ముగియలేదు. అట్టి గడ్డిమార్పే ఇంచుమించు ఆ కాలముననే ఆఫ్రికా, అమెరికా ఖండములలోను కనబడెను. ఆసియా ఋతుపవన మొక్కటే ఇన్ని ఖండముల పచ్చికను మార్చజాలదు గదా! గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గుటయే కారణము కావచ్చునని 1990 దశకమున వాదించినవారిలో సెర్లింగ్ ముఖ్యుడు. తాను పాల్గొని చేసిన నిర్ణయమునే పునఃపరిశీలించుటకు ఆయన వెనుదీయలేదు.

ఆమ్లజని లెక్కయందును ఇట్టి చిక్కే కలదు. వాన తగ్గినను, ఎండ హెచ్చినను, మేఘములు వేఱొక దిక్కునుండి వచ్చినను ఆ పాళ్లు మారును. కావున గడ్డ తెలుపు సంఖ్య వర్షమాపక పాత్రలోని కొలతవంటిది కాదు. కర్బనము, శిలాజములు, సముద్రగర్భపు మట్టి ఇచ్చు సాక్ష్యములతో దానిని సరిచూడవలెను.

వర్షమాపకముతో క్రమముగా కొలిచిన లెక్కలు రెండు మూడు శతాబ్దములకు మించవు. కోట్లాది ప్రజల పంట ఆధారపడిన ఋతుపవనములు వేడెక్కుచున్న లోకమున ఎట్లు మారునో ఊహించుటకు అవి చాలవు. అందుకే చేని గట్టున పారవేయు తెల్లగడ్డ వంటిది కూడ విజ్ఞానమునకు విలువైనదైనది.