పెరటిలో దేవగన్నేరు

మాఘమాసంలో దేవగన్నేరు చెట్టును మొదటిసారి చూచినవారు అది ఎండిపోయినదనే అనుకుంటారు. చెట్టు మీద ఒక్క ఆకు ఉండదు. బూడిదరంగు కొమ్మలు మొద్దుబారిన కొనలతో, జింక కొమ్ములవలె పైకి లేచి ఉంటవి. చైత్రం వచ్చేసరికి, బావులలో నీరు అడుగంటుతూ ఉండగానే, ఆ మొద్దు కొనలనుండి ఆకులూ, వాటి నడుమ మొగ్గల గుత్తులూ వెలువడుతవి. నీరు పోసే దిక్కులేని చోట కూడా ఈ చెట్టు పూస్తుంది. సిద్దిపేట వంటి మెట్ట ప్రాంతంలో, వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే చోట, చల్క నేలలో అది ఇంత నిశ్చింతగా బ్రతకటానికి కారణం ఆ లావైన కొమ్మలే. ఒక కొమ్మను కోసి చూడండి. తెల్లని పాలు కారుతవి. లోపల మెత్తని కండ ఉంటుంది. ఆ కండలో చెట్టు నీటిని నిలువ చేసుకుంటుంది. ఆకులు రాల్చివేయటం వల్ల ఉన్న నీరు ఆవిరి కాకుండా మిగులుతుంది.

ఈ చెట్ల మీద నాకు ఆసక్తి పుస్తకాలలో కలుగలేదు. కొన్నేండ్ల క్రిందట మా పట్టణంలో ఒక పాత ఇంటిని పడగొట్టి క్రొత్తది కట్టబోతున్నారు. వాకిట్లో ఒక పెద్ద దేవగన్నేరు ఉండేది. తెల్లని పూలు, గొంతులో పసుపు, రేకు వెనుక ఒక అంచున గులాబి చార. ఆ చార మరే చెట్టు పూలలోనూ నేను చూడలేదు. ఇంటి పెద్దావిడను అడిగితే, "తీస్కపో సారూ, కొట్టేసేటిదే గద. మా అత్త తన తల్లిగారింటి నుంచి కొమ్మ తెచ్చి నాటిందంట" అన్నది. రెండు కొమ్మలు తెచ్చుకున్నాను. వారం తిరిగేసరికి ఆ చెట్టు లేదు.

ఆ పెద్దావిడ మామూలుగా అన్న మాటలో వృక్షశాస్త్ర విషయం ఒకటి ఇమిడి ఉన్నది. అత్తగారి పుట్టింటి చెట్టు, ఈ వాకిటి చెట్టు, నా కుండీలోని కొమ్మ - ఇవి తల్లీ బిడ్డలు కావు. ఒకే చెట్టు మూడు చోట్ల పెరిగినది. విత్తనంతో పుట్టిన మొక్కలో తల్లి లక్షణాలూ, తండ్రి లక్షణాలూ కలుస్తవి. ప్రతి విత్తనం ఒక క్రొత్త కలయిక. కొమ్మతో పెంచిన మొక్కలో కలిసేది ఏమీ లేదు. అరుదుగా ఏ మొగ్గలోనో ఉత్పరివర్తనం జరిగితే తప్ప, ఆ కణాలలోని వారసత్వమే ఉన్నదున్నట్లు కొనసాగుతుంది. కాబట్టి దేవగన్నేరులో 'రకము' అంటే, ఎప్పుడో ఎక్కడో ఒక విత్తనం నుండి మొలచిన ఒకానొక చెట్టు, దాని కొమ్మలన్నీ. ఆఖరి కొమ్మ పోతే ఆ రకం పోయినట్లే.

దీని పుట్టిల్లు మన దేశం కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరిబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం - ఇవీ దాని స్వస్థలాలు. యూరపు నావికులు అమెరికాకు దారి కనుగొన్న తరువాతనే అది తూర్పు దేశాలకు వచ్చినది. ఫ్రాన్సు దేశపు సన్యాసి, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన షార్ల్ ప్లుమియే (1646-1704) పేరిట ఈ ప్రజాతిని ప్లుమేరియా అంటారు. పైనుండి వచ్చిన చెట్టుకు ఊరూరా ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకున్నారు. ఉర్దూలో గుల్‌చీన్, అంటే చైనా పువ్వని చెప్పుకుంటారు గాని దానికీ చైనాకూ సంబంధం లేదు. ఉత్తరాది వారు చంపా అన్నారు. నిజమైన చంపకం మన సంపెంగ. అది వేరే కుటుంబానికి చెందిన చెట్టు. లావోస్ దేశం వారు కూడా చంపా అనే పిలుస్తూ, ఈ పువ్వునే తమ జాతీయ పుష్పంగా చేసుకున్నారు. పేర్లన్నిటిలోకీ మన తెలుగు పేరే శాస్త్రానికి దగ్గరగా ఉన్నది. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు అన్నీ ఒకే కుటుంబం, అపోసైనేసీ. జిల్లేడును కూడా ఇప్పుడు ఇందులోనే చేర్చారు.

ప్రజాతిలో పదికి పైగా జాతులున్నవి గాని మన ఇండ్లలో కనిపించేవి ముఖ్యంగా మూడు. ఆకు కొన సూదిగా ఉండి, శీతకాలంలో ఆకులు రాల్చేది ప్లుమేరియా రూబ్రా. 'రూబ్రా' అంటే ఎరుపు అని అర్థమైనప్పటికీ తెలుపు, పసుపు, గులాబి, ఎరుపు, ఈ రంగుల మిశ్రమాలు అన్నీ ఇందులో ఉన్నవి. మన గుడుల దగ్గరి తెల్ల దేవగన్నేరును పాత గ్రంథాలు అక్యుటిఫోలియా అనే వేరు జాతిగా చెప్పినవి. దానిని కూడా తరువాత రూబ్రాలో కలిపివేశారు. ఆకు కొన గుండ్రంగా ఉండి, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ, ఏడాది పొడవునా చాలవరకు ఆకులు నిలుపుకొనేది ప్లుమేరియా ఆబ్ట్యూసా. దీనిని నర్సరీల వారు సింగపూర్ అంటారు. అదీ కరిబియన్ ప్రాంతపు చెట్టే, సింగపూరుది కాదు. ఆకు కొన దగ్గర వెడల్పుగా, మధ్యలో నొక్కినట్లుగా ఉండి, గుత్తులు గుత్తులుగా తెల్లగా పూసేది ప్లుమేరియా పూడికా. ఈ మధ్య రోడ్ల నడుమ, అపార్టుమెంటు గేట్ల ప్రక్కన విరివిగా నాటుతున్నది ఇదే. చూడటానికి బాగానే ఉంటుంది, వాసన మాత్రం లేదు. వాసన లేని దేవగన్నేరు దేవగన్నేరేనా అని నాకొక సందేహం. అది శాస్త్రం కాదనుకోండి.

ఇన్ని రంగులు ఎట్లా వచ్చినవి? తోటలలో అప్పుడప్పుడు పడిన విత్తనాల వల్లనే. అయితే ఈ చెట్టు విత్తనం కట్టటం అరుదు. దాని వెనుక ఒక విచిత్రమైన మోసం ఉన్నది. రాత్రివేళ దేవగన్నేరు పరిమళం హెచ్చుతుంది. ఆ వాసనకు హాక్‌మాత్ అనే పెద్ద నిశాచర శలభాలు వస్తవి. పొడవైన తొండాన్ని పూవు గొట్టంలోకి దూర్చి మకరందం కోసం వెదకుతవి. అందులో మకరందం ఉండదు! దొరుకుతుందేమోనని పూవు వెంట పూవు తడుముతూ పోవటంలో పుప్పొడి ఒక చెట్టునుండి మరొక చెట్టుకు చేరుతుంది. ఒక పూవును నిలువుగా చీల్చి చూస్తే కేసరాలు, అండాశయం సన్నని గొట్టం అడుగున దాగి ఉండటం కనిపిస్తుంది. ఈగలకూ, తేనెటీగలకూ అంత లోతు అందటం కష్టం. వేలకొలది పూలు పూచినా ఒక్క కాయ కనబడకపోవటానికి కారణం ఇదే. అదృష్టవశాత్తు కాయ కాస్తే అది కొమ్ముల జతలాగ రెండు పాయలుగా ఉంటుంది. ముదరటానికి ఇంచుమించు తొమ్మిది నెలలు పడుతుంది. ఎండి పగిలినప్పుడు రెక్క కట్టిన విత్తనాలు గాలికి ఎగిరిపోతవి. హవాయి దీవులలో మోరాన్యె అనే ఆయన 1950వ దశాబ్దంలో గొట్టం లోపలికి పుప్పొడిని చేతితో చేరవేసి, కోరిన తల్లిదండ్రుల నుండి విత్తనం కట్టించాడు. అప్పటినుండి క్రొత్త రకాలను పనిగట్టుకొని పుట్టించటం పెరిగినది. అమెరికాలోని హూస్టన్ నగరంలో 1979లో ఏర్పడిన ప్లుమేరియా సొసైటీ ఈ రకాల పేర్లను నమోదు చేస్తుంది.

ఇక నా రెండు కొమ్మల సంగతి. మొదటి దానిని తెచ్చిన రోజే కుండీలో గ్రుచ్చి, శ్రద్ధగా దినదినమూ నీరు పోశాను. మూడు వారాలకు అడుగు నల్లబడి, వ్రేలితో నొక్కితే లోనికి పోయినది. ఆ శ్రద్ధే దానిని చంపినది. కోసిన గాయం మానకముందే తడి తగిలితే సూక్ష్మజీవులు లోపలి మెత్తని కండలోకి ప్రవేశిస్తవి. రెండవది, సంచిలో మరచిపోయి వరండాలో పడి ఉన్నది కాబట్టి, బ్రతికినది.

పద్ధతి ఇది. ఆకులు లేని కాలంలో, మాఘ ఫాల్గుణాలలో, అడుగు నుండి అడుగున్నర పొడవు గల ముదురు కొమ్మను పదునైన కత్తితో కోయాలి. లేతగా ఆకుపచ్చగా ఉన్న కొమ్మ పనికిరాదు. కారే పాలు చర్మానికి, ముఖ్యంగా కండ్లకు మంచివి కావు; పిల్లలచేత చేయించేటప్పుడు ఉపాధ్యాయులు దగ్గర ఉండాలి, చేతులు కడిగించాలి. కొమ్మను పది పదిహేను రోజులు నీడలో ఆరబెడితే కోత మీద గట్టి పొర కడుతుంది. రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమన్ను కలిపి, అడుగున రంధ్రం గల కుండీలో మూడు నాలుగు అంగుళాల లోతు నాటి, కదలకుండా ఒక కర్రకు కట్టాలి. ఒకసారి తడిపి ఊరుకోవాలి. ఇక్కడ అందరూ మోసపోయే చోటు ఒకటి ఉన్నది. కొన వద్ద చిన్న ఆకులు రాగానే వేరు పట్టినదనుకొని నీరు కుమ్మరిస్తారు. ఆ ఆకులు కొమ్మలోని నిలువతో వచ్చినవి మాత్రమే. ఆరు నుండి ఎనిమిది వారాలకు ఆకులు అరచేతిని మించి పెరిగితే అప్పుడు వేళ్ళు వచ్చినవని నమ్మవచ్చు. ఆపైన కావలసినదల్లా ఎండ. రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట ఆకులు పెరుగుతవి గాని పూలు రావు.

అంటు కట్టటం మరొక మార్గం. ఏదో ఒక దేవగన్నేరు మొక్కను మొదలుగా తీసుకొని, దాని తల నరికి చీలిక చేసి, కోరిన రకపు కొమ్మ అడుగును మేకులాగ చెక్కి అందులో దిగవేసి, పాలిథీన్ పట్టీతో బిగిస్తారు. బెరడు క్రిందనున్న పలుచని కాంబియం పొరలు రెండూ తాకితే అతుకుతవి. గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నర్సరీల నుండి మా వైపుకు లారీలలో మొక్కలు వస్తవి. ఇప్పుడు ఎరుపు, నారింజ వన్నెల రంగురంగుల దేవగన్నేరులు అంట్లుగానే ఎక్కువ దొరుకుతున్నవి. నేను ఒక నర్సరీలో ముదురు ఎరుపని చెప్పి అమ్మిన అంటును కొన్నాను. రెండవ ఏట తెల్లగా పూచినది. మోసపోయానని చాలా రోజులు అనుకున్నాను. ఒకనాడు మట్టి దగ్గర పరిశీలిస్తే, అతుకుకు పైభాగం వానలలో కుళ్ళి ఎండిపోయి ఉన్నది; నేను మురిసిపోతూ పెంచినది అతుకు క్రింద మొలచిన మొదటి మొక్క కొమ్మను! అటువంటి పిలకలను చూచిన వెంటనే తుంచివేయాలి.

రంగు కూడా స్థిరమైనది కాదు. ఒకే చెట్టు పూవు ఏప్రిల్ ఎండలో ఒక వన్నెగా, మబ్బు రోజులలో మరొక వన్నెగా ఉంటుంది. అందుచేత రకాన్ని గుర్తించటానికి రంగు ఒక్కటే చాలదు. రేకుల ఆకారం, వెనుకభాగం, గొంతులోని పసుపు ఎంతవరకు వ్యాపించినది, ఆకు కొన, సువాసన ఏ వేళ ఎక్కువ - ఇవన్నీ వ్రాసి పెట్టుకోవాలి. కొమ్మ ఎవరింటి నుండి ఎప్పుడు వచ్చినదో తప్పక వ్రాయాలి. నా నోటు పుస్తకంలో పదకొండు చెట్లున్నవి. వాటిలో కొన్నవి నాలుగు. తక్కినవి సిద్దిపేట వాకిళ్ళ నుండి, చుట్టుప్రక్కల ఊళ్ళ గుడుల, దర్గాల దగ్గరి నుండి అడిగి తెచ్చుకున్నవి. వాటికి సొసైటీ పేర్లు లేవు. కాని దూరదేశపు రకం ఇంకెక్కడనో మరొకరి తోటలో ఉంటుంది. వాకిటి చెట్టు కొట్టివేస్తే మళ్ళీ దొరికే చోటు ఉండకపోవచ్చు.

సేకరించేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆకు అడుగున నారింజ రంగు పొడి బొబ్బలు కనిపిస్తే అది త్రుప్పు తెగులు. కోలియోస్పోరియం అనే శిలీంధ్రం దీనికి కారణం. ఇదీ అమెరికా నుండి వచ్చినదే. ఆ ఆకులను ఏరి తగులబెట్టాలి. క్రొత్త మొక్కను నెల రోజులు విడిగా ఉంచి గాని పాతవాటి సరసన చేర్చరాదు.

తరగతిలో చేయించదగిన పరిశీలనలు రెండు. మొదటిది: పూల గుత్తి ఎప్పుడూ కొమ్మ చివరనే వస్తుంది. దానితో ఆ కొమ్మ పెరుగుదల ముగుస్తుంది. క్రింది మొగ్గలనుండి రెండు మూడు క్రొత్త కొమ్మలు బయలుదేరుతవి. అంటే చెట్టు మీది చీలికలలో చాలా భాగం ఒకప్పుడు పూవులు పూచిన స్థానాలే; కొన్ని మాత్రం దెబ్బ తగిలి విరిగినవి. విద్యార్థులను కొననుండి మొదలుదాకా చీలికలు లెక్కించమనండి. రెండవది: విచ్చిన పూవులో ఒక రేకు మరొక రేకును కప్పే వరుసను చూడమనండి. దీనిని మెలితిరిగిన పుష్పరచన అంటారు. చెట్టు మీది పూలన్నీ ఒకే వైపుకు తిరిగి ఉంటవి. తరువాత మందారాలను పరిశీలించండి. ఒకే చెట్టున కుడికి తిరిగినవీ, ఎడమకు తిరిగినవీ రెండూ దొరుకుతవి. మొక్కలు అమ్మేవారి బొమ్మలో దేవగన్నేరు రేకులు తిరుగుడు మారి కనిపించినవంటే, బొమ్మ అద్దంలోలాగ తారుమారైనదని తెలుసుకోవచ్చు.

గులాబి చార గల కొమ్మ ఇప్పుడు నా ఎత్తు పెరిగినది. దానినుండి నాలుగు కొమ్మలు నలుగురి ఇండ్లకు వెళ్ళినవి; ఒకటి ఆ పెద్దావిడ క్రొత్త ఇంటి మేడ మీద కుండీలో ఉన్నది. పోయిన వానాకాలంలో నా చెట్టుకు ఒక జతకాయ కాసినది. ఏ శలభం ఏ చెట్టు పుప్పొడిని తెచ్చినదో చెప్పలేను. కాయ నల్లబడుతున్నది. విత్తనాలు ఎగిరిపోకుండా పలుచని గుడ్డసంచి కట్టి ఉంచాను.