పెరడును ఇంటి వెలయు

“ఇంటిని చూచి ఇల్లాలిని చూడు” మను సామెత మన సోదరీమణు లెఱుగనిది కాదు. కాని ఇంటిని చూచుట యనగా వీధివాకిటి ముగ్గును, ముందుగదిలోని కుర్చీలను చూచుట యని మనలో పలువురు తలంతురు. ఇల్లు కొనవచ్చువా రట్లు తలంపరు. వారు ముందుగదిలో నొక నిమిషము నిలిచి, తిన్నగా పెరటిలోనికి నడతురు. ముందుభాగమునకు రంగు పూసి లోపములను దాచవచ్చును. పెరటిలో నవి దాగవు.

కొన్ని యేండ్ల క్రిందట మా పినతల్లిగారు గోదావరితీరమందలి యొక పట్టణములో తమకున్న ఇల్లు అమ్మదలచిరి. బాబాయిగారు గతించిరి. కూతురున్న ఊరిలో చిన్నవాటా కొని, మిగిలిన పైకముతో ఎవరి చేయియు చూడక బ్రతుకవలెనని యామె కోరిక. కావున ఆ ఇంటి వెలలో తగ్గిన ప్రతి రూపాయియు ఆమె వార్ధక్యపు గ్రాసములో తగ్గినట్లే. మొదట వచ్చినవారు ముందుభాగమును మెచ్చుకొని, పెరటిలో కాలుపెట్టగనే మొగము చిట్లించిరి. స్నానాలగది వెనుక నీటిమడుగు, మూతలేని పాతనూయి, గోడవార పగిలిన పెంకులు, ప్రహరిగోడ పగులులో రావిమొక్క వారికి కనబడినవి. వెల చాల తగ్గించి యడిగి వెడలిపోయిరి. “పెరడెవరు చూస్తారులే అనుకున్నానే అమ్మాయీ!” యని పిన్నిగారు వాపోయిరి. అటుపిమ్మట నాలుగు నెలలు ఆమె చేసిన పనులను మేము దగ్గఱనుండి చూచితిమి. అవి మన చదువరులకు నుపయోగించునని ఇచట వ్రాయుచున్నాము.

మొదట చక్కబఱుపవలసినది నీరు పోవు దారి. గోడవార నిలిచిన నీరు పునాదిలోనికి దిగి, లోపలిగోడలకు చెమ్మ నెక్కించును. కొనువారు చెమ్మను చూచి భయపడినంతగా మఱి దేనిని చూచియు భయపడరు. పిన్నిగారు స్నానాలగదివెనుక షాబాదు బండలు పఱపించి, 8 అడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు పెట్టించిరి. బండలు నునుపుగా నుండిన కాలు జాఱును గనుక గరుకువానినే యేరిరి. వంటయింటినీటిని అరటిపాదులకు మరలించిరి. తొట్లలోను, కుండీలక్రింది పళ్లెములలోను నిలిచిన తేటనీటియందే డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగుటకు సుమారు 8 మొదలు 10 దినములు పట్టును. కాబట్టి వారమున కొకమాఱు ఆ నీటిని కుమ్మరించి తొట్టిని తోమవలెను.

రెండవది వాననీరు. 120 చదరపు గజముల డాబాపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన, వచ్చు నీరు ఇంచుమించు 100 లీటర్లు. హైదరాబాదున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. అనగా అట్టి డాబామీద 80,000 లీటర్లు! ఐదవవంతు వ్యర్థమైనను 64,000 లీటర్లు మిగులును. దీనిని వీధికాలువపాలు చేయక ఇంకుడుగుంటలోనికి దింపినచో బావులకును బోరులకును మేలగును. గుంట అడుగున పెద్దరాళ్లు, వానిపై కంకర, పైన ఇసుక వేయవలెను. అది పునాదిని ఆనుకొని యుండరాదు. మరుగుదొడ్డి నీరు దానిలో కలియరాదు. వేసవిలో నీరుండు ఇల్లని చెప్పగలిగిన, కొనువారు ఆ మాటకు వెల కట్టుదురు. పాతనూతిని పూడ్చివేయక, పూడిక తీయించి, ఇనుపజల్లెడ మూత వేయించుట మేలు. పిన్నిగా రట్లే చేసిరి.

మూడవది చెట్లు. అమ్మకము ఎప్పుడో తెలిసికొని నాటవలెను. బీర, సొర పాదులు రెండు నెలలకే పందిరినిండ కాయును. బొప్పాయి ఏడాదిలోపుగను, అరటి ఇంచుమించు ఏడాదికిని ఫలించును. నిమ్మకు మూడు నాలుగేండ్లును, మామిడి అంటుకు నాలుగైదేండ్లును పట్టును. కావున పది యేండ్లు కాపురముండదలచినవారు నేడే మామిడి నాటవచ్చును. రావి, మఱ్ఱి మొక్కలను గోడలలో చిన్నవిగా నున్నప్పుడే వేరుతో పెఱికివేయవలెను. పెద్దచెట్లను మాత్రము తోచినట్లు కొట్టింపరాదు. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పొందవలెను.

ఇక చేయరాని పనులు. పెరటినంతయు సిమెంటుతో కప్పినచో ఎండకాలమున ఇల్లు కుంపటి యగును, వాననీ రింకదు. ఫౌంటెనుల వంటి వేడుకలకు పెట్టిన పైకము తిరిగివచ్చుట అరుదు. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ప్లానులో ఖాళీగా విడిచిన స్థలమున అనుమతి లేక గది వేసినచో వెల పెరుగుటకు మాఱు తగ్గును. అప్పిచ్చు బ్యాంకువారు ప్లానుతో ఇంటిని సరిచూతురు. తేడా కనబడిన బేరము చెడవచ్చును.

నాలుగు నెలల పిమ్మట వేఱొక దంపతులు వచ్చిరి. ఆ యిల్లాలు నూతిచప్టామీద కూర్చుండి, బీరపందిరివంక చూచుచు లేవలేదు. పిన్నిగా రడిగిన వెల పూర్తిగా రాలేదు గాని, మొదటివారు తగ్గించినదానిలో అధికభాగము తిరిగివచ్చినది. బాగుసేతకైన వ్యయము దానిముందు స్వల్పము.

తాళముచెవు లిచ్చిననాడు ఆమె పెరటిగుమ్మములో చాలసేపు నిలుచుండిరి. “ఇరవై యేళ్లు ఆ మడుగు దాటుకుంటూ బట్టలారేశాను. ఎవరో కొంటారనేసరికి నాలుగు నెలల్లో బాగుచేశాను. నాకోసం ఎందుకు చేసుకోలేదే?” అనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

సోదరీమణులారా! పెరడు బాగుపడిన ఇంటి వెల పెరుగుననుట నిజమే. కాని ఆ వెల చేతికందుటకు ఇల్లమ్మవలెను. ఆ సుఖ మనుభవించుటకు అమ్మనక్కఱలేదు. తొలకరికి ముందే ఒకనాడు మీ పెరటిలోనికి పరాయివారివలె నడచి చూడుడు. మొట్టమొదట మీ కంట బడిన లోపమునుండియే పని యారంభింపుడు.