ఏళ్లు గడిచినా వదలని ‘జలుబు’

జలుబులా మొదలయ్యే ఈ జబ్బు పేరు రైనోస్క్లెరోమా. 1870లో వియన్నాలో ఫాన్ హెబ్రా దీన్ని మొదట వర్ణించినప్పుడు క్యాన్సర్ లాంటి కణితి అనుకున్నాడు. 12 ఏళ్ల తర్వాత, 1882లో, ఆంటోన్ ఫాన్ ఫ్రిష్ అందులో బాక్టీరియా ఉందని చూపాడు. అది న్యుమోనియా తెచ్చే క్లెబ్సియెల్లాకు దగ్గరి చుట్టం. అయినా ఇప్పటికీ చాలామంది రోగులను చూసి డాక్టర్లు మొదట అనుమానించేది క్యాన్సరే, లేదా క్షయ.

తప్పు పూర్తిగా డాక్టర్లది కాదు. జబ్బు నడక అలాంటిది. మొదట్లో ముక్కు దిబ్బడ, పక్కులు, చెడు వాసన. దాన్ని జలుబు అనే అనుకుంటారు. నెలలు, ఏళ్లు గడిచాక ముక్కులో గడ్డలు లేచి, ముక్కు వెడల్పవుతుంది. చివరికి ఆ కండంతా మచ్చకట్టి బిగుసుకుపోతుంది. నూటికి 95 మందికి పైగా రోగుల్లో ముక్కుకే సోకుతుంది. కొందరిలో స్వరపేటికకూ దిగి, గొంతు బొంగురుపోయి, ఊపిరి దారి ఇరుకవుతుంది.

ఈజిప్టు, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, మెక్సికో, ఆఫ్రికాలో కొన్ని ప్రాంతాలు, తూర్పు ఐరోపా, ఇండొనేసియా, మన దేశం దీని నెలవులు. అమెరికా, పశ్చిమ ఐరోపాల్లో కనిపించే కేసులు ఎక్కువగా ఈ ప్రాంతాల నుంచి వలస వెళ్లినవారివే. జబ్బు తరచు బయటపడేది 10–30 ఏళ్ల మధ్య. బతుకుదెరువుకు ఊరు దాటే వయసూ ఇంచుమించు అదే. మన దగ్గర డాక్టరు మర్యాదకు అడిగే ‘ఏ ఊరు మీది?’ అన్న ప్రశ్న అమెరికా ఆసుపత్రిలో రోగ నిర్ధారణకే దారి చూపుతుంది. అలాగని వలసవారిని చూసి జంకడం అర్థం లేని పని. ఇరుకు ఇళ్లలో దీర్ఘకాలం కలిసి బతికితే తప్ప ఇది సులువుగా అంటదు.

ల్యాబ్‌లో కల్చర్ చేస్తే బాక్టీరియా దొరికేది నూటికి 50–60 మందిలోనే. కాబట్టి ‘నెగెటివ్’ అని రాగానే ఫైలు మూసేయకూడదు. గట్టి ఆధారం బయాప్సీ. బాక్టీరియాను మింగి, అరిగించుకోలేక ఉబ్బిన రక్షక కణాలు అందులో కనిపిస్తాయి. వాటి వెడల్పు 100–200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు. 1877లో వీటిని వర్ణించిన మికులిచ్ పేరే వాటికి నిలిచింది.

ఒకప్పుడు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపి ఇచ్చేవారు. స్ట్రెప్టోమైసిన్ చెవులకు చేటు. ఇప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ వాడకం పెరిగింది. అయిదు రోజుల కోర్సుతో తీరేది కాదు, మాత్రలు వారాలు, నెలలు మింగాలి. మచ్చకట్టి బిగిసిన భాగాన్ని మందు కరిగించలేదు. దానికి సర్జరీ కావాలి. తగ్గిందనుకున్నాక కూడా తిరగబెట్టవచ్చు కనుక ఏళ్ల తరబడి ముక్కు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.